శీర్షాలన్నీ ఇంప్లిసిట్ సర్ఫేస్ మీదే ఉన్నా, మెరుగు పెట్టిన లోహంపై పలకలు ఎందుకు కనిపిస్తున్నాయి?

రేకుల_మూత (బెంగళూరు) అడిగినది:

నమస్కారం. గాజు సీసాలకు అలంకారపు మూతలు డిజైన్ చేయడం నా పని. ఇప్పుడు చేస్తున్నది 90 మి.మీ. వ్యాసం గల అల్యూమినియం మూత. పైభాగం 60 మి.మీ. వ్యాసార్ధం గల గోళపు ముక్క, దాని అంచు చుట్టూ ఎనిమిది తామర రేకులు ఉంటాయి. ఆకారం మొత్తాన్ని ఒకే ఫంక్షన్‌గా రాసుకున్నాను. ఫంక్షన్ విలువ సున్నా అయిన చోటే తలం (ఇంప్లిసిట్ సర్ఫేస్ అంటే ఇదే). రేకులు గోళంలో కలిసే చోట స్మూత్ మినిమమ్ (రెండు ఫంక్షన్లలో చిన్నదాన్ని మూల రాకుండా నునుపుగా తీసుకునేది) వాడాను, కింది అంచును మాత్రం ఒక సిలిండర్‌తోనూ ఒక సమతలంతోనూ మాక్స్ తీసి పదునుగా కోశాను.

దీన్నుంచి 1.2 మి.మీ. గ్రిడ్‌తో మార్చింగ్ క్యూబ్స్ పద్ధతిలో (స్థలాన్ని చిన్న ఘనాలుగా విభజించి ఒక్కో ఘనంలో తలాన్ని అంచనా వేసేది) త్రిభుజ మెష్ (త్రిభుజాల వల) తీసి, తరువాత ప్రతి శీర్షాన్నీ (త్రిభుజపు మూలనూ) గ్రేడియంట్ (ఫంక్షన్ అతి వేగంగా పెరిగే) దిశలో న్యూటన్ పద్ధతితో తలం మీదికి జరిపాను. నాలుగు ఆవృత్తుల తరువాత ఏ శీర్షం దగ్గరా ఫంక్షన్ విలువ మిల్లీమీటరులో పది లక్షల వంతును మించలేదు. తెర మీద తిప్పి చూస్తే మూత నీటిబొట్టంత నునుపుగా కనిపించింది.

ఆ ఫైలును పీణ్యాలో ఒక మిల్లింగ్ వర్క్‌షాపులో కోయించి బఫింగ్ చేయిస్తే కథ మారిపోయింది. మూతను ట్యూబులైటు కింద పట్టుకుంటే లైటు ప్రతిబింబం ఒకే గీతగా వంగకుండా ముక్కలుముక్కలుగా విరిగి కనిపిస్తోంది. కింది అంచు రంపపు పళ్ళలా ఉంది. వర్క్‌షాపు ఆయన "తప్పు మీ ఫైల్లోనే ఉంది సార్" అని తేల్చేశారు. గ్రిడ్‌ను 0.6 మి.మీ.కు తగ్గించి మళ్ళీ కోయించాను. ఫైలు పరిమాణం నాలుగు రెట్లయింది, అంచు మీది పళ్ళు చిన్నవయ్యాయి కాని పోలేదు, పైభాగంలో ప్రతిబింబం మాత్రం పెద్దగా మారలేదు. శీర్షాలన్నీ తలం మీదే ఉన్నప్పుడు ఇక మెష్‌లో బాగుచేయవలసినది ఏముంటుంది?

శేషం_సున్నా (తరమణి, చెన్నై):

శీర్షాలు తలం మీద ఉండటం ఒక సంగతి, త్రిభుజాలు తలం చూసే వైపే చూడటం మరొక సంగతి. మీరు కొలిచినది మొదటిదాన్ని మాత్రమే, కాని అద్దంలా మెరిసే వస్తువులో కంటికి కనిపించేది రెండవది.

మీ లెక్కలతోనే చూద్దాం. భుజం 1.2 మి.మీ., వ్యాసార్ధం 60 మి.మీ. అనుకుంటే, మూడు శీర్షాలూ గోళం మీద ఉన్న సమబాహు త్రిభుజపు మధ్యభాగం గోళానికి ఎంత లోపల ఉంటుందో తెలియాలంటే భుజం వర్గాన్ని వ్యాసార్ధానికి ఆరు రెట్లతో భాగించాలి. అది 1.44ను 360తో భాగించినట్టు, అంటే 0.004 మి.మీ., 4 మైక్రాన్లు. వెంట్రుక మందంలో ఇది చాలా చిన్న వంతు. ఇక పక్కపక్కన ఉన్న రెండు త్రిభుజాల నార్మల్స్ (తలానికి లంబంగా ఉండే దిశలు) మధ్య కోణం సుమారు 0.66 డిగ్రీలు. అద్దం ఎంత తిరిగితే ప్రతిబింబ కిరణం దానికి రెట్టింపు తిరుగుతుంది కాబట్టి కిరణం 1.3 డిగ్రీలు గెంతుతుంది. ట్యూబులైటు రెండు మీటర్ల దూరంలో ఉంటే ఆ గెంతు 4.6 సెంటీమీటర్లు. ట్యూబు మందమే దాదాపు అంగుళం. అంటే ఒక పలకలో కనిపించిన లైటు పక్క పలకలో పూర్తిగా తప్పిపోవచ్చు. 4 మైక్రాన్ల దోషాన్ని వేలితో తడిమి పట్టుకోలేరు, కంటితో మాత్రం సులభంగా పట్టేస్తారు.

గ్రిడ్‌ను సగం చేస్తే స్థాన దోషం నాలుగో వంతుకు దిగుతుంది, కోణ దోషం మాత్రం సగానికే దిగుతుంది. ఆ గెంతును 2 మి.మీ.కు దించాలంటే భుజం 0.05 మి.మీ. కావాలి. అప్పుడు ఆ గోళభాగానికే సుమారు 70 లక్షల త్రిభుజాలు, బైనరీ ఎస్‌టీఎల్‌లో (ఆకారాన్ని త్రిభుజాల జాబితాగా దాచే ఫైలు రకం) త్రిభుజానికి 50 బైట్ల చొప్పున దాదాపు 350 మెగాబైట్లు అవుతాయి. గ్రిడ్ తగ్గిస్తూ పోవడం దారి కాదని చెప్పడానికే ఈ లెక్క.

తెర మీద నునుపుగా కనిపించడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. మీ వ్యూయర్ ప్రతి శీర్షం దగ్గరా ఫంక్షన్ గ్రేడియంట్‌ను నార్మల్‌గా తీసుకుని త్రిభుజం లోపల వాటిని కలగలిపి వెలుగు లెక్కిస్తోంది. ఎస్‌టీఎల్ ఫైల్లో అలాంటి శీర్ష నార్మల్స్ ఉండవు, ఒక్కో త్రిభుజానికి ఒక్కటే నార్మల్ ఉంటుంది. ఇకముందు ఫైలు పంపే ముందు ఫ్లాట్ షేడింగ్‌లో (త్రిభుజానికి ఒకే నార్మల్‌తో వెలుగు లెక్కించే పద్ధతిలో) చూడండి, లోహం చూపించబోయేది కొంత ముందే కనిపిస్తుంది.

త్రిభుజాల ఆకారమూ ముఖ్యమే. తలం ఏదైనా గ్రిడ్ బిందువుకు అతి దగ్గరగా వెళ్ళినప్పుడు మార్చింగ్ క్యూబ్స్ సన్నని చీలికల్లాంటి త్రిభుజాలను పుట్టిస్తుంది. ఒక కోణం 180 డిగ్రీలకు దగ్గరైన త్రిభుజంలో, మూడు శీర్షాలూ కచ్చితంగా తలం మీదే ఉన్నా, నార్మల్ ఎటో తిరిగి ఉండవచ్చు. హెర్మన్ ష్వార్జ్ 19వ శతాబ్దంలోనే చూపిన లాంతరు ఉదాహరణ దీనికి పరాకాష్ఠ. సిలిండర్‌ను నిలువునా పట్టీలుగానూ, చుట్టూ భాగాలుగానూ విభజించి త్రిభుజాలు కట్టి, పట్టీల సంఖ్యను భాగాల సంఖ్య వర్గం కన్నా వేగంగా పెంచుకుంటూ పోతే, శీర్షాలన్నీ సిలిండర్ మీదే ఉన్నా త్రిభుజాల మొత్తం వైశాల్యం సిలిండర్ వైశాల్యాన్ని చేరడం మాట అటుంచి అనంతానికి పోతుంది. మీ ప్రశ్నకు నేరుగా సమాధానం అదే.

దీనికి మందు రీమెషింగ్, అంటే అదే తలం మీద త్రిభుజాలను మళ్ళీ సర్దడం. బాట్ష్, కోబెల్ట్ 2004లో ఇచ్చిన విధానం సరళంగా ఉంటుంది. లక్ష్య పొడవులో 4/3 వంతును మించిన భుజాన్ని చీల్చడం, 4/5 వంతు కన్నా తగ్గినదాన్ని మూసివేయడం, ప్రతి శీర్షం దగ్గరా ఆరు భుజాలు కలిసేలా భుజాలను తిప్పడం, ఆపైన శీర్షాలను స్పర్శతలంలో సర్దడం. సర్దిన ప్రతిసారీ శీర్షాన్ని మీ ఫంక్షన్ మీదికి మళ్ళీ దించండి. ఇతరులు పాత మెష్ మీదికి దించుకోవలసి వస్తుంది, మీ దగ్గర అసలు తలమే ఉంది.

ద్వంద్వం (బెంగళూరు):

పై సమాధానం గోళభాగానికి సరిపోతుంది, అంచు మీది రంపపు పళ్ళకు సరిపోదు. ఆ రెండూ వేర్వేరు జబ్బులు.

మార్చింగ్ క్యూబ్స్‌ను లోరెన్సన్, క్లైన్ 1987లో ప్రచురించినప్పుడు వారి ముందున్నవి వైద్య స్కానింగ్‌లో వచ్చే సంఖ్యల దొంతరలు. గ్రిడ్ బిందువుల మధ్య ఏముందో వారికి తెలిసే అవకాశమే లేదు కాబట్టి, ఘనపు ఎనిమిది మూలల గుర్తులను (విలువ ధనమా, ఋణమా అన్నదాన్ని) బట్టి 256 సందర్భాలను 15కు కుదించి, భుజాల మీద సరళరేఖా అంచనాతో శీర్షాలు పెట్టారు. మనకు ఫంక్షన్ చేతిలో ఉంది, ఎక్కడైనా విలువ అడగవచ్చు, గ్రేడియంట్ అడగవచ్చు. అయినా అదే పద్ధతి వాడి, శీర్షాలు ఘనాల భుజాల మీద మాత్రమే ఉంటాయన్న నియమాన్ని అప్పనంగా తెచ్చుకుంటున్నాం. పదునైన అంచు ఘనం మధ్యలోంచి పోతే అక్కడ శీర్షం పెట్టే వీలే లేదు, కనుక మూల నరికినట్టవుతుంది. గ్రిడ్ ఎంత సన్నదైనా నరుకుడు చిన్నదవుతుందే గాని, నరికిన చోట నార్మల్ ఎన్నటికీ సరికాదు. మీరు చూసిన పళ్ళు అవే. న్యూటన్ పద్ధతి కూడా వాటిని బాగుచేయదు, ఎందుకంటే అది శీర్షాన్ని దగ్గరలో ఉన్న తలం మీదికి దించుతుంది తప్ప రెండు తలాలు కలిసే గీత మీదికి తీసుకుపోదు.

మొదటి నుంచీ మళ్ళీ కట్టదలిస్తే, జూ, లొసాసో, షేఫర్, వారెన్ 2002లో ఇచ్చిన డ్యూయల్ కాంటూరింగ్ ఉంది. అది శీర్షాన్ని ఘనం లోపలే పెడుతుంది. ఉన్న మెష్‌నే బాగుచేయదలిస్తే ఒటాకే, బెల్యాయెవ్ అదే సంవత్సరం ఇచ్చిన డ్యూయల్ ప్రైమల్ పద్ధతి మీకు ఎక్కువ ఉపయోగపడుతుందని నా అభిప్రాయం. శీర్షాలను తలం మీదికి దించడానికి బదులు, ప్రతి త్రిభుజపు కేంద్రకాన్ని (మధ్యబిందువును) తలం మీదికి దించండి. అక్కడ గ్రేడియంట్ తీసుకుంటే ఒక స్పర్శతలం వస్తుంది. ఇప్పుడు ప్రతి శీర్షాన్నీ దాని చుట్టూ ఉన్న త్రిభుజాల స్పర్శతలాలన్నింటికీ దూరాల వర్గాల మొత్తం కనిష్ఠమయ్యే చోటికి జరపండి. శీర్షం అంచు పక్కన ఉంటే, చుట్టూ ఉన్న స్పర్శతలాల్లో కొన్ని సిలిండర్‌వి, కొన్ని సమతలానివి. వాటి కనిష్ఠం ఆ రెండూ కలిసే గీత మీదే పడుతుంది. అంచు ఎక్కడుందో మీరు చెప్పనవసరం లేకుండానే శీర్షం దాని మీదికి పోయి కూర్చుంటుంది. మూడు తలాలు కలిసే మూల అయినా అంతే.

గుర్తుంచుకోవలసినది ఒకటుంది. ఉబ్బెత్తు గోళభాగంలో ఈ పద్ధతి శీర్షాలను తలానికి కొద్దిగా బయట పెడుతుంది, త్రిభుజపు మధ్యభాగం తలాన్ని తాకుతుంది. మీ కొలతల్లో శీర్షం దాదాపు 4 మైక్రాన్లు బయటికి వస్తుంది. దోషం పరిమాణం మారలేదు, లోపలి నుంచి బయటికి వచ్చింది, అంతే. శీర్షాల దగ్గర శేషం (ఫంక్షన్ విలువ) సున్నా కాలేదని కంగారు పడి మళ్ళీ న్యూటన్ నడిపితే చేసిన పని మొత్తం చెడిపోతుంది.

రేకుల_మూత:

ఇద్దరికీ ధన్యవాదాలు. ద్వంద్వం గారూ, మీరు చెప్పినది నిన్న రాత్రి రాసి చూశాను. అంచు చాలావరకు అద్భుతంగా వచ్చింది. కాని గోళభాగంలో కొన్ని శీర్షాలు ముళ్ళలా పక్కలకు, ఒక్కోసారి నాలుగైదు మి.మీ. దూరం ఎగిరిపోతున్నాయి. రేకులు గోళంలో కలిసే వంపుల్లో మెష్ ఇంకా మోటుగానే ఉంది. ఎక్కడ తప్పు చేస్తున్నాను?

ద్వంద్వం:

ముళ్ళకు కారణం ఊహించగలను. దాదాపు సమతలంగా ఉన్న చోట స్పర్శతలాలన్నీ ఇంచుమించు ఒక్కటే, కాబట్టి శీర్షం ఆ తలంలో ఎక్కడున్నా మొత్తం కనిష్ఠమే. మీ సాల్వర్ ఆ చిన్న చిన్న తేడాలతో భాగించి ఎక్కడికో విసిరేస్తోంది. మూడు తెలియని రాశుల ఆ మాత్రికకు సింగ్యులర్ విలువలు (ఏ దిశలో స్థానం ఎంత గట్టిగా తేలిందో చెప్పే సంఖ్యలు) తీసి, పెద్దదానిలో ఒక నిర్ణీత వంతుకన్నా చిన్నవాటిని సున్నాగా పరిగణించండి. నేను సాధారణంగా వెయ్యో వంతుతో మొదలుపెడతాను. సమీకరణాన్ని మూలబిందువు నుంచి కాక శీర్షపు పాత స్థానం నుంచి రాయండి, అప్పుడు తెలియని దిశలో శీర్షం కదలకుండా ఉన్నచోటే ఉంటుంది. ఒక ఆవృత్తిలో జరుగుడు సగం గ్రిడ్ గడిని మించకుండా కట్టడి చేయడం కూడా మంచిది.

ఇంకో సంగతి, స్మూత్ మినిమమ్ వాడిన చోట మీ ఫంక్షన్ విలువ దూరం కాదు, అక్కడ గ్రేడియంట్ పొడవు 1గా ఉండదు. స్పర్శతలానికి నార్మల్‌ను పొడవు 1 చేసి వాడండి, దూరం కావలసిన చోట విలువను గ్రేడియంట్ పొడవుతో భాగించండి. గ్రేడియంట్‌ను ఇరువైపులా తేడాలతో తీస్తుంటే అడుగు మరీ చిన్నది చేయవద్దు. డబుల్ ప్రెసిషన్‌లో ఆకారపు కొలతలో లక్షో వంతు దాపుల్లో ఉంటే చాలు, అంతకు తగ్గితే గుండ్రింపు దోషాలే కనిపిస్తాయి.

వంపుల సంగతి వేరు. రేకు గోళంలో కలిసే చోట వ్యాసార్ధం ఎంత?

రేకుల_మూత:

సుమారు 1.5 మి.మీ.

శేషం_సున్నా:

అయితే 1.2 మి.మీ. భుజం అక్కడ ఎందుకూ చాలదు. భుజం వర్గాన్ని వ్యాసార్ధానికి ఎనిమిది రెట్లతో భాగిస్తే భుజం మధ్యబిందువు దగ్గర లోతు వస్తుంది. అది గోళభాగంలో 3 మైక్రాన్లు, ఈ వంపులో 120 మైక్రాన్లు. ఇది కంటికే కాదు, వేలికీ తెలుస్తుంది. అక్కడా 3 మైక్రాన్లే కావాలంటే భుజం 0.19 మి.మీ. ఉండాలి. స్థాన దోషం సమానంగా ఉంచాలంటే భుజం వ్యాసార్ధపు వర్గమూలాన్ని బట్టి, కోణ దోషం సమానంగా ఉంచాలంటే వ్యాసార్ధాన్నే బట్టి తగ్గాలి. రెండవ లెక్కన 0.03 మి.మీ. అవుతుంది. వంపు సన్నని పట్టీయే కనుక నేనైతే మొదటిదానికీ రెండవదానికీ నడుమ 0.1 మి.మీ. దగ్గర ఆగుతాను. రీమెషింగ్‌లో లక్ష్య పొడవును ఒక్క సంఖ్యగా కాక, ఆ చోటి వక్రతను బట్టి మారే విలువగా ఇవ్వండి. వక్రత తెలియడానికి ప్రత్యేకమైన సూత్రాలు అవసరం లేదు, త్రిభుజపు కేంద్రకం దగ్గరి నార్మల్‌కూ మూడు పక్కల త్రిభుజాల కేంద్రకాల దగ్గరి నార్మల్స్‌కూ మధ్య కోణం చూసి, అది మీ పరిమితి దాటితే ఆ త్రిభుజాన్ని నాలుగుగా చీల్చండి. పదునైన అంచుకు అటూ ఇటూ ఉన్న జతలను మాత్రం ఈ పరీక్ష నుంచి మినహాయించాలి, లేకపోతే అంచు వెంట చీలుస్తూనే ఉంటుంది. ఆ అంచు మీది భుజాలను తిప్పడమూ కూడదు.

మర_మనిషి (పీణ్యా, బెంగళూరు):

పదిహేనేళ్ళుగా మిల్లింగ్ యంత్రాల మధ్యనే ఉన్నాను, గణితం మీ అంత రాదు. పైన అందరూ మెష్ గురించే మాట్లాడుతున్నారు కాని ప్రశ్నలోని ఒక వాక్యం నాకు కొరుకుడుపడలేదు. గ్రిడ్‌ను సగం చేసినా గోళభాగంలో ప్రతిబింబం పెద్దగా మారలేదని రాశారు. శేషం_సున్నా గారి లెక్క ప్రకారమైతే విరుపులు సగం కావాలి కదా. కాలేదంటే ఆ పలకలు మెష్‌వి కాకపోవచ్చు.

యంత్రానికి మీ త్రిభుజాలు వెళ్ళవు, క్యామ్ సాఫ్ట్‌వేర్ (యంత్రానికి కోత ప్రోగ్రాం రాసేది) వాటి మీద టూల్‌పాత్ (కోత పనిముట్టు నడిచే దారి) గీసి చిన్న చిన్న సరళరేఖలుగా పంపుతుంది. ఆ రేఖలు తలానికి ఎంత దూరం తప్పవచ్చో టాలరెన్స్ అనే గడిలో ఉంటుంది. చాలాచోట్ల దాన్ని 0.01 మి.మీ. దగ్గర వదిలేస్తారు, ఎవరూ ముట్టుకోరు. మీ సూత్రంతోనే నేనూ వేసి చూశాను. 60 మి.మీ. వ్యాసార్ధం మీద 10 మైక్రాన్లు తప్పనిస్తే ఒక్కో సరళరేఖ దాదాపు 2.2 మి.మీ. పొడవు ఉండవచ్చు. అది మీ త్రిభుజపు భుజానికి దాదాపు రెట్టింపు. మెష్ 4 మైక్రాన్లకు సరిగ్గా ఉన్నా, 0.6 గ్రిడ్‌తో ఒక్క మైక్రాన్‌కు సరిగ్గా ఉన్నా, పది మైక్రాన్ల జల్లెడలోంచి పోతే తేడా ఏముంటుంది?

మూతను భూతద్దం కింద పెట్టి చూడండి. పలకలు మూడు మూలలుగా, అన్ని దిశలకూ ఒకేలా ఉంటే మెష్ తప్పు. టూల్ నడిచిన దిశలోనే పొడవుగా, వరుసలు వరుసలుగా ఉంటే క్యామ్ తప్పు. టాలరెన్స్‌ను 0.001కు దించమని అడగండి. అప్పుడు రేఖ పొడవు 0.7 మి.మీ. దాపుకు వస్తుంది, ప్రోగ్రాం పెద్దదవుతుంది, పాత కంట్రోలర్ అయితే నత్తనడక నడుస్తుంది, కాబట్టి వాళ్ళు ముందు విసుక్కుంటారు.

ఇంకొకటి అడగాలి. ఫినిషింగ్‌కు ఏ బాల్ ఎండ్ మిల్లు (గుండ్రటి కొన గల కోత పనిముట్టు) వాడారు? 3 మి.మీ. వ్యాసార్ధం గల బాల్ అయితే 1.5 మి.మీ. లోవంపులోకి దూరదు, అక్కడ మీ మెష్ బంగారంలా ఉన్నా వంపు 3 మి.మీ. వ్యాసార్ధంతోనే వస్తుంది.

రేకుల_మూత:

మర_మనిషి గారూ, మీ మాట విని మూతను భూతద్దంతో చూశాను. వెర్నియర్ పెట్టి పది పలకల పొడవు కలిపి కొలిస్తే 21 మి.మీ. వచ్చింది, అంటే ఒక్కొక్కటి 2.1. అన్నీ టూల్ నడిచిన దిశలోనే వరుసలు కట్టి ఉన్నాయి. వర్క్‌షాపులో అడిగితే టాలరెన్స్ 0.01 అనే చెప్పారు, బాల్ కూడా 3 మి.మీ. వ్యాసార్ధమే. మొదటి మూతకూ రెండవ మూతకూ గోళభాగంలో తేడా రాకపోవడానికి కారణం ఇప్పుడు తెలిసింది.

కింది అంచు మాత్రం పూర్తిగా నా మెష్ తప్పే. ద్వంద్వం గారు చెప్పినట్టు సింగ్యులర్ విలువలను కత్తిరించాక ముళ్ళు పోయాయి, ఎనిమిది ఆవృత్తుల్లో అంచు శీర్షాలు గీత మీదికి వచ్చి నిలిచాయి.

ఒక సందేహం మిగిలింది. టాలరెన్స్‌ను 0.001కు దించితే అప్పుడు మెష్‌లోని 4 మైక్రాన్ల పలకలే కనిపించే దోషం అవుతాయి కదా?

శేషం_సున్నా:

అవుతాయి. నేను మొదట రాసిన లెక్క అప్పుడు వర్తిస్తుంది, మీ మొదటి మూతకు వర్తించలేదు. మర_మనిషి గారు పట్టుకున్న ఆ వాక్యాన్ని నేను చదివి కూడా దాటిపోయాను.

టాలరెన్స్ ఒక మైక్రాన్ అయితే గోళభాగపు మెష్ దోషం దానిలో సగానికి మించకుండా చూసుకోండి. త్రిభుజపు మధ్యభాగంలో అర మైక్రాన్ కావాలంటే భుజం 0.42 మి.మీ. అవుతుంది, గోళభాగానికి లక్ష త్రిభుజాలు చాలు. అది మోయలేని భారమేమీ కాదు.

ద్వంద్వం:

టూల్‌పాత్ బిందువులను బయటి నుంచి తీసుకునే వీలు ఆ వర్క్‌షాపులో ఉంటే, గోళభాగానికి మెష్‌ను పూర్తిగా పక్కన పెట్టవచ్చు. తలం మీద బిందువును న్యూటన్‌తో పట్టుకుని, దాని నార్మల్ దిశలో బాల్ వ్యాసార్ధమంత బయటికి జరిపితే టూల్ కేంద్రం వస్తుంది. ఫంక్షన్ నిజమైన దూరమైతే బాల్ వ్యాసార్ధానికి సమానమైన విలువ గల తలమే టూల్ కేంద్రాల తలం, కాని మీ స్మూత్ మినిమమ్ దగ్గర అది దూరం కాదు కనుక ఆ అడ్డదారి తొక్కవద్దు. రేకుల వంపులకు మాత్రం మెష్, 1 మి.మీ. వ్యాసార్ధపు బాల్ ఉండనివ్వండి.

రేకుల_మూత:

అడిగాను. బిందువులు బయటి నుంచి తీసుకోరట, ఎస్‌టీఎల్ అయితేనే కోస్తామన్నారు. కాబట్టి గోళభాగానికి 0.42, వంపులకు 0.1 లక్ష్య పొడవుతో మెష్ తయారుచేసి, టాలరెన్స్ 0.001 అనీ, వంపులకు 1 మి.మీ. వ్యాసార్ధపు బాల్ అనీ కాగితం మీద రాసి ఇచ్చాను. గంటల లెక్కన కోత ధర రెట్టింపు చెప్పారు. శనివారం మూడో మూత చేతికి వస్తుంది, ట్యూబులైటు కింద ఎలా ఉందో ఇక్కడే రాస్తాను.